ఫైలు ఎవరి బల్ల మీదా లేదు

అమెరికాలో పదేళ్లుగా ఉద్యోగం చేస్తున్న తెలుగువారిని శాశ్వత నివాసం సంగతి అడిగితే చాలామంది చెప్పే మాట ఒకటే: ‘గ్రీన్‌కార్డు ప్రాసెసింగ్‌లో ఉంది.’ ఈ వాక్యంలో ‘ప్రాసెసింగ్’ అన్న ఒక్క మాటే తప్పు. ఆ పదేళ్లలో అత్యధిక భాగం ఆ ఫైలును ఏ అధికారీ పరిశీలించడం లేదు. పరిశీలించడానికి ఏమీ లేదు కూడా. అసలు దరఖాస్తు ఇంకా దాఖలే కాలేదు. దాఖలు చేసుకోవడానికి ఆ మనిషి వంతు రాలేదు.

మనం ఒకటే అనుకునే ఈ నిరీక్షణలో నిజానికి రెండు ఉన్నాయి. ఒకటి కాగితం కోసం. దరఖాస్తు ఇస్తాం, కార్యాలయం తన వేగంతో చూస్తుంది, కొన్ని నెలలకో ఏడాదికో తేలుస్తుంది. రెండోది నంబరు కోసం. అర్హత తేలిపోయింది, ఎవరికీ అభ్యంతరం లేదు, అయినా ఈ ఏడాది ఇవ్వాల్సిన వీసాల్లో మన వరకు రాలేదు కాబట్టి ఆగాలి. మొదటిది నెలల్లో తేలుతుంది, రెండోది దశాబ్దాలు తీసుకుంటుంది. భారత్‌లో పుట్టి ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు కోరుతున్నవారి అలజడిలో సగం ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్ల పుట్టిందే. నంబరు కోసం ఆగుతున్న మనిషి కేసు స్టేటస్ పేజీని పొద్దునా సాయంత్రం తెరిచి చూసుకుంటాడు. అక్కడ మారడానికి ఏమీ ఉండదు. లాయరుకు మెయిలు పెడతాడు. ఆయన చేతిలోనూ ఏమీ ఉండదు.

మూడు మెట్లు, ఒక తేదీ

ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుకు సాధారణంగా మూడు మెట్లు. మొదటిది అమెరికా కార్మిక శాఖ దగ్గర. 2005 నుంచి ‘పర్మ్’ అనే పేరుతో నడుస్తున్న లేబర్ సర్టిఫికేషన్ ఇది. ఈ పనికి తగిన అమెరికా పౌరుడు గానీ, ఇప్పటికే శాశ్వత నివాసం ఉన్న మనిషి గానీ దొరకలేదని యజమాని చూపించాలి. అందుకు ముందు ఆ ప్రాంతంలో ఆ పనికి ఎంత జీతం నడుస్తోందో కార్మిక శాఖతో చెప్పించుకోవాలి. తర్వాత పత్రికలో రెండు ఆదివారాలు ప్రకటన, రాష్ట్ర ఉపాధి కార్యాలయంలో 30 రోజుల ప్రకటన, ఇవి చాలవన్నట్టు ఇంకొన్ని. ఉద్యోగాలన్నీ ఇంటర్నెట్‌లోనే వెతుక్కునే ఈ రోజుల్లో ప్రోగ్రామరు కావాలని ఆదివారం పత్రికలో చిన్న అక్షరాల ప్రకటన వేయడం వింతగానే ఉంటుంది. ఆ ప్రకటన చూసి ఎవరూ రాకూడదని కోరుకుంటూ వేయడం ఇంకా వింత. ఈ దశలో లాయరు ఫీజు, ప్రకటనల ఖర్చు యజమానే భరించాలన్న నిబంధన 2007 జులై నుంచి ఉంది. ఆ డబ్బు ఉద్యోగి జీతంలోంచి కోసుకోవడం చెల్లదు. తెలియక కట్టినవారు తక్కువేమీ కాదు.

ఈ పర్మ్ దరఖాస్తు కార్మిక శాఖకు చేరిన రోజే ‘ప్రయారిటీ డేట్’. మొత్తం కథకు అదే జన్మ నక్షత్రం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇద్దరు తెలుగువారు కొత్తగా పరిచయమైతే ఊరు, కాలేజీ, కంపెనీ అయ్యాక వచ్చే ప్రశ్న ‘మీ డేట్ ఎప్పటిది?’ అనే. 2011 అంటే ఒక రకం గౌరవం, 2019 అంటే ఒక రకం జాలి.

పర్మ్ ఆమోదమయ్యాక 180 రోజుల్లోపు రెండో మెట్టు ఎక్కాలి. పౌరసత్వ, వలస సేవల సంస్థకు యజమాని ఐ-140 పిటిషన్ పెడతాడు. ఈ ఉద్యోగం నిజమేనా, ఇంత జీతం ఇచ్చే స్తోమత కంపెనీకి ఉందా, అభ్యర్థికి చదువు, అనుభవం ఉన్నాయా అన్నవి ఇక్కడ చూస్తారు. అదనపు రుసుము కట్టి ప్రీమియంలో పెడితే చాలా రకాల పిటిషన్లకు 15 పనిదినాల్లో జవాబు వస్తుంది. అంటే ఒక మనిషి అర్హుడా కాదా అన్న అసలు ప్రశ్న మూడు వారాల్లో తేలిపోతుంది!

మూడో మెట్టు ఐ-485, స్థితి మార్పు దరఖాస్తు. గ్రీన్‌కార్డు అడిగే దరఖాస్తు నిజానికి ఇదే. ప్రయారిటీ డేట్ ‘కరెంట్’ అయితే తప్ప, అంటే మన వంతు వస్తే తప్ప, దీన్ని పెట్టే వీలు లేదు. రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య ఉన్న ఎడారిలోనే జీవితాలు గడిచిపోతున్నాయి.

ఏడు శాతం గీత

ఉద్యోగాల ద్వారా ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు 1,40,000. ఇది 1990 నాటి చట్టంలోని అంకె. జీవిత భాగస్వామి, పిల్లలు కూడా ఇదే లెక్కలోకి వస్తారు, కాబట్టి ఉద్యోగులకు నేరుగా దక్కేది అటూ ఇటూగా సగమే. ఆ మొత్తాన్ని ‘ఈబీ’ (ఉద్యోగ ఆధారిత) పేరుతో అయిదు విభాగాలుగా పంచారు. అసాధారణ ప్రతిభావంతులు, పేరున్న పరిశోధకులు, బహుళజాతి సంస్థల అధికారులు వచ్చే ఈబీ-1. మాస్టర్స్ లేదా దానికి సమానమైన అర్హత అవసరమైన ఉద్యోగాల ఈబీ-2. డిగ్రీ లేదా నైపుణ్యం కావాల్సిన ఉద్యోగాల ఈబీ-3. ఈ మూడింటికీ తలా 28.6 శాతం, అంటే 40,040. మిగిలింది మత సేవకుల వంటి ప్రత్యేక వర్గాలకు, పెట్టుబడిదారులకు.

దీని మీద ఇంకో గీత ఉంది. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏడాది మొత్తంలో 7 శాతం మించకూడదు. చూసేది పౌరసత్వాన్ని కాదు, పుట్టిన చోటును. కెనడా పౌరసత్వం తీసుకున్నా గుంటూరులో పుట్టిన మనిషి భారత్ ఖాతాలోనే ఉంటాడు. ఈబీ-2లో 40,040కి 7 శాతం అంటే దాదాపు 2,800. కుటుంబానికి ముగ్గురు అనుకుంటే వెయ్యి కుటుంబాలు కూడా కావు. దాదాపు నాలుగు లక్షల మంది ఉన్న ఐస్‌లాండ్‌కూ, 140 కోట్లు దాటిన భారత్‌కూ గీత ఒక్కచోటే.

వివక్షను తొలగించాలని గీసిన గీత ఇది అన్నదే ఇందులోని విచిత్రం. 1924 చట్టం దేశాల వారీగా కోటాలు పెట్టి ఆసియావారిని దాదాపు పూర్తిగా గుమ్మం బయటే ఉంచింది. 1946లో భారతీయులకు దక్కిన కోటా ఏడాదికి వంద మంది. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన చట్టం ఆ పాత కోటాలను తుడిచిపెట్టి, అమెరికా ఖండాల బయట ఉన్న దేశాలన్నిటికీ ఏటా 20,000 అనే సమాన పరిమితి పెట్టింది. వందతో పోలిస్తే అది వరమే. 1990 చట్టం దాన్ని 7 శాతంగా మార్చింది. అదే చట్టం హెచ్-1బీ అనే తాత్కాలిక ఉద్యోగ వీసాను కూడా ఇప్పటి రూపంలోకి తెచ్చింది. హెచ్-1బీకి ఏటా పరిమితి ఉంది గానీ దేశాల వారీ పరిమితి లేదు. అందువల్ల ఆమోదమయ్యే హెచ్-1బీ దరఖాస్తుల్లో 70 శాతం దాకా భారత్‌లో పుట్టినవారివే ఉంటున్నాయి. తాత్కాలికంగా వచ్చేవారికి పెట్టిన సింహద్వారం వెడల్పు, స్థిరపడేవారికి పెట్టిన లోపలి తలుపు ఇరుకు. మధ్య వసారాలో జనం పేరుకుపోకుండా ఎలా ఉంటారు?

పేరుకుపోయినవారిని ఏటా ఇచ్చే సంఖ్యతో భాగిస్తే భయపెట్టే అంకెలు వస్తాయి. ఈబీ-2లో కొత్తగా చేరే భారతీయుడు 195 ఏళ్లు ఆగాల్సి ఉంటుందని అమెరికన్ కాంగ్రెస్‌కు పరిశోధన చేసిపెట్టే విభాగం 2020లో లెక్కకట్టింది. ఆ అంకె నాకు ఎప్పుడూ అరకొరగానే నచ్చుతుంది. భాగహారం తప్పు కాదు. కానీ వరసలో ఉన్నవారు విసిగి వెళ్లిపోతారు, వేరే విభాగంలోకి మారతారు, అమెరికా పౌరులను పెళ్లాడతారు, చనిపోతారు. ఒకే మనిషికి రెండు మూడు పిటిషన్లు ఉంటాయి. 195 ఏళ్లు ఎవరూ ఆగరు. ఆ అంకెను ఇన్నేళ్లని కాకుండా, ‘ఈ వరస సహజంగా తరిగేది కాదు’ అని చదువుకోవాలి.

తేదీ ముందుకు, తేదీ వెనక్కి

విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్ ప్రకటిస్తుంది. దానిలో ప్రతి విభాగానికీ, రద్దీ ఎక్కువగా ఉన్న దేశాలకు విడిగా, ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. మన ప్రయారిటీ డేట్ దానికి ముందుదైతే కరెంట్ అయినట్టు. తేదీకి బదులు ‘సి’ అని ఉంటే అందరికీ కరెంట్, ‘యూ’ అని ఉంటే ఎవరికీ లేవు.

మామూలు వరసలో ముందున్నవారు తగ్గుతుంటారు, మనం ముందుకు జరుగుతుంటాం. ఇక్కడ అలా ఉండదు. 2022 వేసవిలో భారత్ ఈబీ-2 తేదీ 2014 డిసెంబరు 1 దాకా వచ్చింది. ఆ అక్టోబరులో 2012 ఏప్రిల్ 1కి పడిపోయింది. డిసెంబరులో 2011 అక్టోబరు 8. 2023 ఏప్రిల్ నాటికి 2011 జనవరి 1. పది నెలలు తిరక్కముందే వరస దాదాపు నాలుగేళ్లు వెనక్కి నడిచింది. ఇది ఎలా సాధ్యం?

ఏడు శాతం పైకప్పులో ఒక కిటికీ ఉంది. మిగతా దేశాలవారు తమకున్న వీసాలను వాడుకోకపోతే మిగిలినవి ఏ దేశమన్నది చూడకుండా పాత తేదీ ఉన్నవారికి ఇవ్వాలని చట్టం చెబుతుంది. పాత తేదీలన్నీ మనవాళ్లవే కాబట్టి ఆ మిగులు దాదాపుగా భారత్‌కు వచ్చి పడుతుంది. అలాగే ఈబీ-1లో మిగిలినవి ఈబీ-2కు, అక్కడా మిగిలితే ఈబీ-3కు జారతాయి. కాబట్టి మన తేదీ కదలిక మన ముందున్నవారి మీద కన్నా ఇతర దేశాలవారి ఆసక్తి మీద ఎక్కువ ఆధారపడుతుంది. వారు ఎక్కువగా దరఖాస్తు చేసిన ఏడాది మనకు దక్కేది ఆ 2,800 మాత్రమే. 2022 డిసెంబరు బులెటిన్‌లో సరిగ్గా అదే జరిగింది: మిగతా ప్రపంచానికి కూడా ఈబీ-2లో కటాఫ్ తేదీ పెట్టాల్సి వచ్చింది. మిగులు మాయమైంది, కిటికీ మూసుకుంది.

మరి అంతకుముందు తేదీ అంత వేగంగా ఎందుకు పరుగెత్తింది? కరోనా వల్ల. 2020లో కాన్సులేట్లు మూతపడడంతో కుటుంబ బంధుత్వం ద్వారా ఇచ్చే వీసాలు లక్షకు పైగా మిగిలిపోయాయి. అవి చట్టం ప్రకారం తర్వాతి ఏడాది ఉద్యోగ విభాగానికి బదిలీ అవుతాయి. దాంతో 1,40,000 కాస్తా 2021 ఆర్థిక సంవత్సరంలో 2,62,000 దాటింది, 2022లో 2,81,000 దాటింది. ముప్పై ఏళ్లలో ఎన్నడూ చూడని పంట. కానీ 2021 పంటలో 66 వేలకు పైగా ఇంటికి చేరలేదు. అమెరికా ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30తో ముగుస్తుంది. ఆ అర్ధరాత్రికి చేతిలో ఉన్న ఉద్యోగ వీసా నంబర్లు ఇవ్వకపోతే అవి ఆవిరే. లక్షల మంది అర్హులు గుమ్మంలో నిలబడి ఉండగా, కాగితాలు సకాలంలో చూడలేక 66 వేల కార్డులు గాలిలో కలిసిపోయాయి. కాగితం నిరీక్షణ, నంబరు నిరీక్షణ ఎదురుబొదురుగా గుద్దుకున్న అరుదైన సందర్భం అది. మామూలుగా నంబర్లు లేక ఫైళ్లు ఆగుతాయి. ఆ ఏడాది ఫైళ్లు కదలక నంబర్లు పోయాయి.

వెనక్కి నడవడానికి ఇంకో కారణం, లోపల ఎంతమంది ఉన్నారో తేదీలు నిర్ణయించేవారికి కచ్చితంగా కనిపించకపోవడం. ఐ-485 పెట్టినవారు లెక్కకు తెలుస్తారు. ఐ-140 మాత్రమే ఉన్నవారిలో ఎందరు పెళ్లి చేసుకున్నారు, ఎందరికి పిల్లలు, ఎందరు దేశం విడిచారు అన్నది తలుపు తెరిస్తే గానీ తెలియదు. తలుపు కాస్త తెరుస్తారు, ఊహించినదానికన్నా ఎక్కువమంది తోసుకొస్తారు, మళ్లీ వేస్తారు. పైగా 2020 అక్టోబరులో ఒక తమాషా జరిగింది. దరఖాస్తు పెట్టుకోవడానికి భారత్ ఈబీ-2 తేదీ 2011 మే దగ్గర ఉండగా, దానికన్నా తక్కువ అర్హత అనుకునే ఈబీ-3 తేదీ 2015 జనవరికి దూకింది. మాస్టర్స్ చదివినవారు చాలామంది అదే పర్మ్ మీద ఈబీ-3లో రెండో ఐ-140 వేయించుకున్నారు. అంటే ఒకే మనిషి రెండు వరసల్లోనూ నిలబడ్డాడు. రైల్వే రిజర్వేషన్‌లో రెండు రైళ్లకూ టికెట్టు తీసుకునే తెలివి ఇది. 2022లో ఈబీ-2 ముందుకు రాగానే మళ్లీ అటు మారారు. ఇంతమంది అటూ ఇటూ గెంతుతుంటే వరస పొడవు కొలవడం ఎవరి తరం?

2015 అక్టోబరు నుంచి బులెటిన్‌లో రెండు చార్టులు ఉంటున్నాయి. తికమక అంతా అక్కడే. తిరుమల వెళ్లినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ముందు క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్‌లోకి పంపుతారు. అక్కడ కూర్చోవచ్చు, పాలు ఇస్తారు, అన్నం పెడతారు. దర్శనం మాత్రం తర్వాతి సంగతి. దరఖాస్తు తేదీల చార్టు కంపార్ట్‌మెంట్ తలుపు, తుది తేదీల చార్టు దర్శనం. మొదటి చార్టు ప్రకారం కరెంట్ అయితే ఐ-485 పెట్టుకోవచ్చు, దానితో పాటు పని అనుమతి కార్డు, ప్రయాణ అనుమతి అయిన అడ్వాన్స్ పెరోల్ కూడా అడగవచ్చు. కార్డు చేతికి రావాలంటే రెండో చార్టు తేదీ దాటాలి. ఏ నెలలో ఏ చార్టును అనుమతిస్తారన్నది వలస సేవల సంస్థ విడిగా చెబుతుంది, కాబట్టి బులెటిన్ ఒక్కటి చూసి సంబరపడకూడదు.

ఈ బులెటిన్‌కు మాట తప్పిన చరిత్ర కూడా ఉంది. 2007 జూన్‌లో వెలువడిన జులై బులెటిన్ దాదాపు అన్ని ఉద్యోగ విభాగాలనూ కరెంట్ చేసింది. జనం వైద్య పరీక్షలు చేయించుకుని, కాగితాలు సిద్ధం చేసుకుని, స్వదేశంలో ఉన్న భార్యలను హుటాహుటిన రప్పించుకున్నారు. జులై 2న ఒక సవరణ వచ్చింది: నంబర్లు అయిపోయాయి, ఎవరూ దరఖాస్తు పెట్టవద్దు. ధర్నాలు చేయలేని, సమ్మె కట్టలేని ఈ ఉద్యోగులు అప్పుడు చేసిన పని నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. గాంధీగిరి అంటూ వలస సేవల సంస్థ అధిపతి ఎమీలియో గొంజాలెజ్ కార్యాలయానికి వందలాది పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని గాయపడిన సైనికులు చికిత్స పొందుతున్న ఆసుపత్రులకు పంపిస్తున్నట్టు ప్రకటించారు. జులై 17న ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంది. ఆ నెలలో కంపార్ట్‌మెంట్‌లోకి చేరినవారికీ, ఒక నెల ఆలస్యంగా పర్మ్ పడినవారికీ తర్వాతి జీవితాల్లో ఏళ్ల తేడా వచ్చింది.

ఆగుతూ బతకడం

హెచ్-1బీకి ఆరేళ్ల గడువు. వరస ఆరేళ్లలో తేలదని 2000లోనే కాంగ్రెస్‌కు తెలుసు. అందుకే ఆ ఏడాది చేసిన చట్టం, ఐ-140 ఆమోదమై నంబరు లేక ఆగినవారికి మూడేసి ఏళ్ల చొప్పున పొడిగింపు ఇస్తోంది. పొడిగింపుకు పరిమితి లేదు. వరసను బాగుచేయకుండా వరసలో కూర్చోవడానికి కుర్చీ వేశారు. ఆ కుర్చీ లేకపోతే ఈ సమస్య ఇరవై ఏళ్ల కిందటే బద్దలై ఏదో ఒక దారికి వచ్చేదన్నది నా అనుమానం. నెప్పి తగ్గించే మాత్ర ఉన్నంతకాలం శస్త్రచికిత్స వాయిదా పడుతూనే ఉంటుంది.

ఉద్యోగం మారవచ్చా? మారవచ్చు. కొత్త యజమాని పర్మ్, ఐ-140 మొదటినుంచి చేయాలి, కానీ పాత ప్రయారిటీ డేట్ మనతోనే వస్తుంది. ఐ-140 ఒకసారి ఆమోదమయ్యాక, మోసం వంటివి బయటపడితే తప్ప, పాత యజమాని దాన్ని వెనక్కి తీసుకున్నా తేదీ పోదు; 180 రోజులు దాటితే ఆ ఆమోదమూ రద్దు కాదు. 2017 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు దీన్ని గట్టిపరిచాయి. ‘నువ్వు మానేస్తే నీ డేట్ పోతుంది’ అని బెదిరించే యజమానుల మాట వినే ముందు ఈ నిబంధనలు చూసుకోవాలి. ఉద్యోగం పోతే మాత్రం గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు. తేదీ భద్రం, మనిషికి భద్రత లేదు.

పదోన్నతి ఇంకో చిక్కు. పర్మ్ ఒక నిర్దిష్టమైన ఉద్యోగానికి. ప్రోగ్రామరుగా వేసిన కాగితాల మీద పదేళ్ల తర్వాత మేనేజరుగా ఉంటే, పని స్వభావం బాగా మారితే, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. అందుకని చొక్కా బిగుతైనా అదే తొడుక్కుని తిరిగేవారు ఉన్నారు. జీవిత భాగస్వామి సంగతి కొంత నయం: 2015 మే నుంచి, హెచ్-1బీ ఉద్యోగికి ఐ-140 ఆమోదమైతే హెచ్-4 వీసాపై ఉన్న భార్య లేదా భర్త పని అనుమతి పొందవచ్చు.

పిల్లల విషయమే గుండె పిండుతుంది. తల్లిదండ్రుల దరఖాస్తులో బిడ్డ భాగం కావాలంటే 21 ఏళ్లలోపు ఉండాలి, పెళ్లి కాకూడదు. మూడేళ్ల వయసులో వచ్చి అక్కడే చదువుకున్న పిల్ల, 21 నిండిన రోజున విదేశీ విద్యార్థిగా మారాలి లేదా దేశం విడవాలి. ఇంట్లో తమ్ముడు అక్కడే పుట్టి ఉంటే పుట్టుకతో అమెరికన్. ఒకే భోజనాల బల్ల దగ్గర మూడు రకాల చట్టబద్ధత.

2002లో వచ్చిన పిల్లల రక్షణ చట్టం కొంత ఉపశమనం ఇస్తుంది. నంబరు అందుబాటులోకి వచ్చిన రోజున బిడ్డ వయసులోంచి, ఐ-140 పరిశీలనలో ఉన్న రోజులను తీసేస్తారు. వయసు 22 ఏళ్ల 3 నెలలు, ఐ-140కి పట్టినది 16 నెలలు అనుకుందాం: లెక్కలో వయసు 20 ఏళ్ల 11 నెలలు, బిడ్డ గట్టెక్కినట్టే, ఏడాదిలోపు దరఖాస్తు పెడితే. ఇందులో ఒక క్రూరమైన హాస్యం ఉంది. అదనపు రుసుము కట్టి ప్రీమియంలో రెండు మూడు వారాల్లో ఐ-140 తెచ్చుకున్న తండ్రికి తీసివేయడానికి ఆ రెండు మూడు వారాలే దొరుకుతాయి. ప్రభుత్వ ఆలస్యానికి పరిహారంగా పెట్టిన సూత్రం కాబట్టి, ఆలస్యం లేకపోతే పరిహారమూ లేదు. పర్మ్‌లో గడిచిన కాలం, ఐ-140 తర్వాత వరసలో గడిచిన పదేళ్లు ఈ లెక్కలోకే రావు. ఏ చార్టు తేదీతో వయసు ఆపాలన్నది కూడా నిలకడగా లేదు: 2023 ఫిబ్రవరిలో దరఖాస్తు చార్టును ఒప్పుకున్నారు, 2025 ఆగస్టు 15 నుంచి పెట్టే కొత్త దరఖాస్తులకు మళ్లీ తుది చార్టుకే వెళ్లారు.

కొందరికి మాత్రం తలుపు పక్కనుంచి తెరుచుకుంటుంది. భార్యాభర్తల్లో ఎవరు పుట్టిన దేశాన్నయినా ఇద్దరూ వాడుకోవచ్చు. తండ్రి గల్ఫ్‌లో పనిచేస్తున్న రోజుల్లో కువైట్‌లో పుట్టిన అమ్మాయిని చేసుకున్న కడప అబ్బాయికి, భారతీయ పాస్‌పోర్టులు ఉన్న ఆ జంటకు, కువైట్ లెక్క వర్తిస్తుంది. పన్నెండేళ్ల వరస ఆ క్షణంలో మాయం. పిల్లలు పుట్టిన దేశం మాత్రం తల్లిదండ్రులకు పనికిరాదు.

చట్టం మార్చే ప్రయత్నాలు జరగలేదని కాదు. దేశాల వారీ పరిమితి తీసేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ తనదైన రూపంలో అలాంటి బిల్లునే ఏకగ్రీవంగా ఆమోదించింది. రెండు రూపాలూ కలవలేదు, గడువు ముగిసింది, రెండూ మురిగిపోయాయి. వ్యతిరేకించినవారి వాదనలోనూ బలం ఉంది. 1,40,000 అంకెను కదపకుండా 7 శాతం గీతను మాత్రమే చెరిపితే నిరీక్షణ తగ్గదు, అందరికీ పంచుకుంటారు, అంతే. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చే నర్సు కూడా మన ఇంజనీరు వెనక నిలబడాలి. మనవాళ్ల చర్చల్లో 7 శాతం గురించి వినిపించినంతగా ఆ 1990 నాటి అంకె గురించి వినిపించదు. నా దృష్టిలో అసలు ముడి అక్కడుంది.

ఎప్పటికో ఐ-485 పెట్టే రోజు వస్తుంది. ఇప్పుడు మొదలయ్యేది నిజమైన ప్రాసెసింగ్: వేలిముద్రలు, అదనపు పత్రాలు అడుగుతూ ఉత్తరాలు, కొందరికి ఇంటర్వ్యూ. స్టేటస్ పేజీ చూడడానికి అర్థం ఉన్నది ఈ దశలోనే. దరఖాస్తు 180 రోజులు పెండింగ్‌లో ఉంటే అదే తరహా ఉద్యోగానికి మారవచ్చు, కొత్త పర్మ్ అక్కర్లేదు. అడ్వాన్స్ పెరోల్ చేతికి రాకుండా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క, చెల్లుబాటయ్యే హెచ్ లేదా ఎల్ వీసా ఉన్నవారికి తప్ప. అన్నీ పూర్తయ్యాక కూడా ఆమోదముద్ర పడే రోజున తుది చార్టు ప్రకారం తేదీ కరెంట్‌గా ఉండాలి. ఈలోగా తేదీ వెనక్కి పోతే, పూర్తయిన ఫైలు మళ్లీ అల్మారా ఎక్కుతుంది.

చివరికి కార్డు పోస్టులో వస్తుంది. దాని మీద ‘నివాసి’ అయిన తేదీ ఒకటి అచ్చు వేసి ఉంటుంది. అది పర్మ్ వేసిన తేదీ కాదు, ఐ-140 తేదీ కాదు, ఆమోదం పొందిన తేదీ. పౌరసత్వానికి కావాల్సిన అయిదేళ్లు ఆ రోజు నుంచే మొదలవుతాయి.